పసుపు గణపతి కింది రింగు

మునియప్ప పోయాడన్న కబురు నాకు ఆలస్యంగా చేరింది. అప్పటికి పదకొండో రోజు కార్యం కూడా అయిపోయింది. హోసూరు కూరగాయల అంగడిలో మా ఊరి మనిషి ఒకాయన కనబడి, వంకాయలు ఏరుకుంటూనే, వాన పడిన సంగతి చెప్పినట్టు చెప్పాడు: "మన రింగు మునియప్ప పోయినాడు కదమ్మా, మీకు తెలియదా?"  చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు, భయం. ఆయన ఉండగా ఆ మాట బయటపెట్టే దారి ఇక మూసుకుపోయిందే అన్న భయం. దాని వెనకే, ఇక ఎవరికీ తెలిసే దారి లేదులే అని ఒక చిన్న నిమ్మళం కూడా తొంగిచూసింది. ఆ నిమ్మళాన్ని చూసి ఇంకా భయపడ్డాను.

నేను పుట్టు పిరికిదాన్ని. బావిలోకి తొంగిచూడాలంటే భయం, ఎనుము తల తిప్పితే భయం, మా నాయన గొంతు సవరించుకుంటే భయం. వీటన్నిటికంటే ఎక్కువ భయం మా అవ్వంటే. అవ్వ నాయనకు తల్లి. సన్నగా, పొట్టిగా, నడుముకు తాళాలగుత్తితో ఇల్లంతా తిరుగుతుండేది. ఆ తాళాల చప్పుడు వినబడితే చేతిలో పని లేకపోయినా ఏదో ఒకటి అందుకునేదాన్ని. కెలవరపల్లి డ్యాముకు కాస్త ఇవతల మా ఊరు. రాగి, టమాటా, కొంచెం పూలతోట. నాయన పండించడమే కాకుండా చుట్టుపక్కల ఊళ్ళ కాయగూరలు కొని పంపే వ్యాపారం కూడా చేసేవాడు. తొంభైలలో మా చుట్టుపక్కల కారున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మాది బూడిదరంగు పాత కారు, మా ఇంటికి వచ్చేసరికే రెండు చేతులు మారింది. అయినా నాయన దాన్ని పొద్దున్నే తడిగుడ్డతో తుడవందే కాఫీ తాగేవాడు కాదు.

ఆ కారుకు ఒక ఊళ ఉండేది. స్పీడు అందుకోగానే వెనక సీటు కింద నుంచి "వూఁ" అని మొదలయ్యేది, నాయన కాలు తీస్తే అదే ఊళ సన్నబడి ఏడుపులా మారేది. మొదట్లో నవ్వుకునేవాళ్ళం. ఊరి మలుపులో ఆ ఊళ వినబడితే అమ్మ పొయ్యి మీద చారు వెచ్చబెట్టేది. రానురాను అది ముదిరింది. వెనక కూర్చుంటే తొడల్లోకి, నడుములోకి ఎక్కేది. సరిగ్గా అప్పుడే మా పద్మక్క పురిటికి ఇంటికి వచ్చింది.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. కావేరిపట్టణంలో ఇచ్చారు, బావకు అక్కడ ఎరువుల అంగడి. మొదటి కాన్పు ఏడో నెలలోనే పోయింది. ఇది రెండోది. కృష్ణగిరిలో డాక్టరమ్మ, "పండుగ కాగానే వచ్చి చేరిపో, నొప్పుల దాకా ఇంట్లో ఉండొద్దు" అని గట్టిగా చెప్పింది. ఒకసారి చూపించుకోవడానికి పోయి వచ్చిన రోజు అక్క కారు దిగి, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని నిలబడిపోయింది. "నాయనా, ఆ అరుపుకు లోపల బిడ్డ ఎగిరెగిరి పడతా ఉండాది. ఇంక నేను దీంట్లో ఎక్కను" అంది. అక్క ఎప్పుడూ దేనికీ ఎదురు చెప్పే మనిషి కాదు. నాయన ఆ సాయంత్రమే మునియప్పకు కబురు పెట్టాడు.

మునియప్పది పక్క ఊరే, పొలాల మీద నడిస్తే పావుగంట. పెద్దరోడ్డు పక్కన చిన్న రేకుల షెడ్డు. నాయనకు బండి షెడ్డులో వదిలే అలవాటు లేదు, కళ్ళముందరే పని జరగాలి. అందుకని మునియప్పే తన మోపెడ్డు మీద సామాను కట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. నల్లగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. రాగానే ఒక ఖాళీ గోనెసంచి నేల మీద పరచి, విప్పిన ప్రతి సామానూ విప్పిన వరసలోనే దాని మీద పేర్చేవాడు. ఎడమపక్కవి ఎడమపక్క, కుడిపక్కవి కుడిపక్క. ఆ గోనెసంచిని దాటడానికి కోడిని కూడా ఒప్పుకునేవాడు కాదు. కారు అడుగున పడుకుని, లేచి, నాయనతో చెప్పాడు: "డిఫరెన్షియల్ పోయింది సామీ. బేరింగులు అరిగిపోయినాయి. విప్పాలి."

వెనక రెండు చక్రాల నడుమ గుండ్రటి ఇనుప బుర్ర ఒకటి ఉంటుంది చూడండి, అదే. ఆయన దాని లోపలి సామాను బయటకు తీసి పెట్టినప్పుడు నేను మొదటిసారి చూశాను. ఒక పెద్ద పళ్ళచక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రం. "ఇవి రెండూ ఒకదాన్నొకటి ఎంత తాకాలో అంతే తాకాలి పాపా. దూరమైతే కొట్టుకుంటాయి, దగ్గరైతే కాలిపోతాయి" అన్నాడు. ఆ దూరం సరిచేయడానికి పక్కన సన్నటి ఉక్కు రింగులు వేస్తారట. రూపాయి బిళ్ళంత మందం, చేతిగాజు కంటే కాస్త వెడల్పు. నాకు చెప్పాల్సిన అవసరం లేదు. అడిగాను కాబట్టి చెప్పాడు. మా ఇంట్లో అడిగినదానికి జవాబు చెప్పే పెద్దమనిషి ఆయన ఒక్కడే.

ఆయన విప్పింది ఆయుధపూజకు ముందురోజు. కొత్త బేరింగులు మరునాడు పొద్దున వచ్చాయి. పూజరోజు మధ్యాహ్నానికి బిగించేస్తే, సాయంత్రం బండికీ పూజ జరిగిపోతుంది, ఆయన తన స్పానర్లు తీసుకెళ్ళి తన ఇంట్లో పూజకు పెట్టుకుంటాడు. మావైపు ఆయుధపూజ అంటే ఇంట్లో ఇనుమన్నదంతా దేవుడి ముందుకు రావాల్సిందే. కొడవళ్ళు, గడ్డపార, కత్తిపీట, త్రాసు, అమ్మ కుట్టుమిషను, నాయన పెట్టెలోని రెంచీలు, చివరికి అవ్వ అడకత్తెర కూడా. ఒకసారి పెట్టాక మరునాడు అవ్వ కదిపేదాకా ఎవరూ ముట్టకూడదు. ఆ పూట కూరగాయలు కోయడానికి కూడా కత్తి ఉండదు, అందుకని ముందే కోసి పెట్టుకునేవాళ్ళం. ఇల్లంతా చింతపండు, ముగ్గుపిండి, చందనం, ఉడికిన శనగల వాసన. ఆ వాసన ఇప్పటికీ నాకు పండుగలా తగలదు.

ఇనుప సామాను తోమి పెట్టే పని నాది. నాయన రెంచీలకు మడ్డి పట్టి ఉంటే, మునియప్ప దగ్గరున్న కిరసనాయిలు బేసినులోనే వేసి కడిగాను. ఒక రెంచీతోపాటు సన్నటి రింగు ఒకటి చేతికి వచ్చింది. కడిగితే వెండిలా మెరిసింది. గోనెసంచి పక్కన పాత బేరింగులు, చెడిపోయిన సామాను కుప్పగా పడేసి ఉన్నాయి, ఇది కూడా అలాంటిదే అనుకున్నాను. ఒట్టు, అప్పటికి నా మనసులో వేరే ఏమీ లేదు.

మా ఇంట్లో పసుపు గణపతితో ఒక తంటా ఉండేది. తమలపాకు మీద పెడితే నిలబడేవాడు కాదు, ఏదో ఒక పక్కకు ఒరిగేవాడు. ఒరిగితే అవ్వ కళ్ళెర్ర చేసేది. నాకు ఆ రింగు చూడగానే ఆలోచన వచ్చింది. ఆకు మీద రింగు పెట్టి, దాని నడుమ పసుపు ముద్దను కూర్చోబెట్టాను. ఎంత చక్కగా కుదిరిందో! చుట్టూ పసుపు అద్ది, కుంకుమ పెట్టాను. అవ్వ వచ్చి చూసి, "ఈసారి బాగా కూర్చున్నాడే స్వామి" అంది. అవ్వ నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే. రాహుకాలం రాకముందే ఆవాహన అయిపోయింది, దీపం వెలిగింది, టెంకాయ కొట్టారు.

ఆ తర్వాత ఒక గంటకు మునియప్ప వాకిట్లోకి వచ్చి పిలిచాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. "పాపా, ఎడమపక్క రెండు రింగులు ఉండె అనుకుంటి. ఇప్పుడు చూస్తే ఒకటే ఉండాది. నువ్వేమన్నా తీసినావా?"

 అవును, తీశాను, దేవుడి గదిలో ఉంది అంటే సరిపోయేది. నాలుగు మాటలు. కానీ మీరు ఇంకో సంగతి తెలుసుకోవాలి. అంతకుముందు ఏడు ఇదే పూజలో దీపం చూసుకోమని అవ్వ నన్ను కూర్చోబెడితే, నేను కునికాను, దీపం ఆరిపోయింది. నెల తిరక్కుండానే అక్క మొదటి బిడ్డ పోయింది. అవ్వ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. వచ్చిన చుట్టాలతో మాత్రం నేను వింటుండగానే, "దీపం ఆర్పింది ఇదేనమ్మా" అంది. ఇప్పుడు ఆవాహన అయిన గణపతిని లేపి, కింద నుంచి రింగు లాగితే? అక్క నిండు నెలలతో పక్క గదిలో పడుకుని ఉంది. వెనక వంటింట్లో తాళాలు గలగలమన్నాయి.

"లేదప్పా" అన్నాను.

"నిజంగా?"

"నేను చూడలేదప్పా."

ఆయన ఒక్క క్షణం నన్నే చూశాడు. అనుమానంతో కాదు, అదే నన్ను ఇప్పటికీ తినేది. తన మీద తనకే అనుమానం వచ్చినట్టు తల గోక్కుని, "అయితే ఒకటే ఉన్నిందేమో. వయసైపోతా ఉండాది" అన్నాడు. అప్పటికి ఆయనకు నలభై కూడా లేవు. పోయి బేసినులో చేయి పెట్టి మళ్ళీ వెతికాడు. గోనెసంచి దులిపాడు. కారు అడుగున వెతికాడు. నేను కిటికీ కమ్మీ పట్టుకుని అదంతా చూస్తూ నిలబడ్డాను. చివరికి బిగించేశాడు. చక్రం చేత్తో ముందుకూ వెనక్కూ ఆడించి చూసి, "కొంచెం వదులుగా ఆడతా ఉండాది సామీ. నాకు అంతగా బాగా లేదు. రేపు మెల్లగా పోండి, పోయొచ్చినాక ఇంకోసారి విప్పి చూస్తాను" అని నాయనతో చెప్పాడు. ఊళ పోయిందా లేదా అన్నదే నాయన అడిగాడు. డ్యాము దాకా పోయి వచ్చారు. ఊళ పోయింది. అందరూ సంతోషించారు. సాయంత్రం కారుకు బొట్లు పెట్టి, అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బూడిదగుమ్మడి కొట్టారు. నేను హారతి పళ్ళెం పట్టుకున్నాను. 

మరునాడు విజయదశమి, మంచి రోజు. పొద్దున ఏడింటికి ప్రయాణం. పూజ కదపడం తొమ్మిది దాటాకే అని అవ్వ ముందురోజే చెప్పేసింది. లేవగానే నేను అవ్వ వెనకాలే తిరిగాను. "అవ్వా, అక్క పోయేలోపల కదిపేద్దామా?" అని రెండుసార్లు అడిగాను. "నీకేమే అంత తొందర?" అని గదిమింది. నాయనతో చెప్పబోయాను. ఆయన గొంతు సవరించుకుంటూ టైర్లు తట్టి చూస్తున్నాడు. అమ్మ మూటలు సర్దుతోంది. అక్క నా తల నిమిరి, "వసంతా, బిడ్డ పుట్టినాక నువ్వే ముందు ఎత్తుకోవాల" అని కారెక్కింది. నాయన క్లచ్చి వదలగానే వెనక చక్రాల దగ్గర "టక్" మని ఒక్క చప్పుడు. ఎవరూ పట్టించుకోలేదు. కారు నిశ్శబ్దంగా, మెత్తగా మలుపు తిరిగిపోయింది. ఆ ఊళ ఉన్నన్నాళ్ళూ కారు ఎంత దూరం పోయిందో తెలిసేది. ఇప్పుడు ఏమీ వినబడటం లేదు. 

దూరమైతే కొట్టుకుంటాయి, దగ్గరైతే కాలిపోతాయి. ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది. కృష్ణగిరి దారిలో శూలగిరి దాటాక కొండల నడుమ దిగుడు ఉంది, పక్కన లోయ. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, చాలాసేపు కాదు. దేవుడి గదిలోకి పోయాను. అవ్వ పెరట్లో ఉంది. చెంపలు వేసుకుని, కళ్ళు మూసుకుని, పసుపు ముద్దను రెండు వేళ్ళతో ఎత్తి రింగు లాగేశాను. గణపతిని మళ్ళీ ఆకు మీద పెడితే ఎడమపక్కకు ఒరిగాడు. అలాగే వదిలేసి వాకిట్లోంచే పొలాల మీద పరుగెత్తాను. రాగి గట్ల మీద రెండుసార్లు పడ్డాను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు.

మునియప్ప ఇంటి వెనక తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. ఇంట్లో ఆయన భార్య రత్నమ్మ పూజ దగ్గర పాట పాడుకుంటోంది. నేను మాట్లాడలేక చెయ్యి చాపాను. అరచేతిలో రింగు, దాని అంచున పసుపు, కుంకుమ. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. అంతా తెలిసిపోయింది ఆయనకు. తిడతాడని కళ్ళు మూసుకున్నాను.

"బండి పోయి ఎంతసేపైంది?"

"ఇప్పుడే... అరగంట ఉంటుందేమో. అప్పా, అక్కకేమన్నా అవుతుందా?"

ఆ మాటకు జవాబు చెప్పలేదు. అడిగినదానికి ఎప్పుడూ జవాబు చెప్పే మనిషి ఆయన. రింగును లుంగీ అంచుతో శుభ్రంగా తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. "పాపా, ఇది చూడు. నేను మరిచినాననే చెప్తాను. నువ్వేం మాట్లాడొద్దు. నేను మరిచినానంటే ఒక తిట్టుతో పోతాది. నువ్వు దాచినావంటే మీ అక్క జన్మంతా మరవదు" అన్నాడు. తర్వాత ఇంట్లోకి పోయాడు. పూజలో ఇంకా కదపని స్పానర్లు గలగలా సంచిలో పడటం, రత్నమ్మ అరవడం వినబడ్డాయి. "ఏమయ్యా నీకేమన్నా పిచ్చా? ఇంకా కదపలేదు కదా! ఇట్ల చెదరగొడితే ఏడాదంతా పని యాడుంటుంది?" "రింగు ఒకటి వేయకుండా మరిచిపోయినాను, బండి పోతా ఉండాది" అన్నాడు ఆయన. ఆమె నెత్తి కొట్టుకుంది.

ఆ మోపెడ్డు మీద ప్రయాణం నాకు రోడ్డుగా గుర్తులేదు, గుంటలుగా గుర్తుంది. పెద్దరోడ్డెక్కిన దగ్గర నుంచి ప్రతి గుంటలోకీ, ప్రతి కల్వర్టు కిందికీ తొంగిచూస్తూ పోయాను. దూరంగా నలుగురు గుమిగూడి కనిపిస్తే పై ప్రాణాలు పైనే పోయేవి. దగ్గరికి పోతే వాళ్ళు బస్సు కోసం నిలబడినవాళ్ళు. ఎదురుగా అంబులెన్సు ఒకటి వచ్చింది, నేను మునియప్ప చొక్కా గట్టిగా పట్టుకున్నాను. "ఖాళీగా పోతా ఉండాది పాపా, చూడు" అన్నాడాయన వెనక్కి తిరక్కుండా. శూలగిరి దాటాం. దిగుడు మొదలయ్యే చోట, రోడ్డు పక్కన బూడిదరంగు కారు, దాని ముందు కట్టిన అరటి పిలకలు. బానెట్టు కాదు, వెనక తలుపు తెరిచి ఉంది. ఎవరూ కనబడలేదు. ఆ పది అడుగులు నేను మోపెడ్డు మీద ఉన్నానో గాలిలో ఉన్నానో తెలియదు.

అక్క చెట్టు నీడలో దుప్పటి మీద కూర్చుని ఉంది, చేతిలో ఎళనీరు బోండాం. నన్ను చూసి, "ఏమే, చెప్పులు యాడ?" అంది. నేను ఏడ్చేశాను.

అక్కే ఆపించిందట. "ఊళ లేదు సరే, నడుముకు ఎవరో సుత్తితో కొట్టినట్టు ఉండాది నాయనా, ఆపు" అని పట్టుబట్టిందట. నాయన ఆపి చూస్తే వెనక బుర్ర చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. మునియప్ప మోపెడ్డు స్టాండు వేసి, చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు: "తప్పు నాది సామీ. ఒక రింగు వేయకుండా మరిచినాను. పొద్దున సంచిలో కనబడె. పాపను అక్కకు తోడుగా తీసుకొస్తిని." దిగుడులో పోయుంటే ఏమయ్యేదని నాయన అడిగాడు. అబద్ధం చెప్పొచ్చు కదా, చెప్పలేదు. "పళ్ళు విరిగి చక్రాలు బిగుసుకుని ఉండును" అన్నాడు. నాయన చెయ్యెత్తాడు. అమ్మ మధ్యకు పోయింది. చెయ్యి దించాడు గానీ నోరు దించలేదు. "నా బిడ్డను నీ చేతిలో పెట్టినాను కదరా! మనిషివా నువ్వు?" ఎళనీరు అమ్మే ముసలాయన, ఆగిన లారీవాళ్ళు, అందరూ వింటున్నారు. మునియప్ప తల వంచుకుని నిలబడ్డాడు. నేను అక్క పక్కన కూర్చుని ఉన్నాను. మాట గొంతు దాకా వచ్చింది. అక్క చెయ్యి నా చేతిలో ఉంది, మెత్తగా, వెచ్చగా. మాట మళ్ళీ కిందికి పోయింది.

తెలిసినవాళ్ళ జీపు ఒకటి వస్తే అక్క, అమ్మ దాంట్లో కృష్ణగిరికి పోయారు. మునియప్ప ఆ ఎండలో, రోడ్డు పక్కన, దినమంతా పడుకుని మళ్ళీ అంతా విప్పి బిగించాడు. స్పానర్లు నేను అందించాను. ఒక్కోదానికి రత్నమ్మ పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా ఉంది, ఆయన చెమటకు తడిసి చేతులకు అంటుకుంటోంది. ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు, "పదమూడు నంబరు", "పద్నాలుగు" తప్ప. మూడో రోజు అక్కకు ఆడబిడ్డ పుట్టింది. నేనే ముందు ఎత్తుకున్నాను. ఇంట్లో అవ్వ ఒరిగిన గణపతిని చూసి, "ఆ గండం స్వామి తన మీద వేసుకున్నాడు" అని ఊరంతా చెప్పుకుంది. గండం మీద వేసుకున్నది ఎవరో నాకు తెలుసు.

ఒక తిట్టుతో పోతుందన్నాడు. పోలేదు. నాయన మళ్ళీ ఆయన్ను గడప ఎక్కనివ్వలేదు, అది మా ఇంటి వరకు. కానీ టీ అంగట్లో, మండీలో, పెళ్ళిళ్ళలో నాయన ఆ కథ చెప్పని చోటు లేదు. మా చుట్టుపక్కల ఇంకో ముగ్గురు మునియప్పలు ఉన్నారు. ఈయనకు "రింగు మునియప్ప" అని గుర్తు పడిపోయింది. ముందు ఎగతాళి, తర్వాత అదే పేరు. బండి ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా, "ఏమప్పా, అన్నీ వేసినావా, ఏమన్నా మరిచినావా?" అని నవ్వేవాళ్ళు. రెండు మూడేళ్ళకు షెడ్డు మూసేసి, హోసూరులో ఎవరిదో పెద్ద వర్క్‌షాపులో చేరాడు. అక్కడ ఆయన బిగించిన ప్రతి నట్టూ ఇంకొకడు తనిఖీ చేసేవాడట. నేను పెళ్ళయి హోసూరులోనే ఉన్నాను. బస్టాండులో ఎప్పుడైనా ఎదురుపడితే, "బాగుండావా పాపా? అక్క బిడ్డ ఏం చదువుతా ఉండాది?" అని అడిగేవాడు. ప్రతిసారీ ఈసారి నాయనతో చెప్పేయాలి అనుకునేదాన్ని. నాయన పోయాడు, అవ్వ ఎప్పుడో పోయింది. భయపడాల్సినవాళ్ళందరూ పోయినా భయం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఇప్పటి కార్లకు ఏ చప్పుడూ ఉండదు. ఏదైనా చెడితే ముందర ఒక దీపం వెలుగుతుంది, తీసుకెళ్ళి ఇస్తే పేరు తెలియని మనుషులు గాజు గోడ అవతల బాగుచేస్తారు. మనం ఇవతల మెత్తటి కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతాం. మంచిదే. ఎవరి నిండు ప్రాణమూ ఒక పిరికి పిల్ల మాట మీద ఆధారపడదు. అయినా మా ఆయన కారు నడుపుతుంటే నేను పాటలు పెట్టనివ్వను. మెత్తగా పోయే బండిలో కూర్చుంటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి.

కబురు తెలిసిన మరునాడే మునియప్ప ఇంటికి పోయాను. ఆ పొలాల గట్లు ఇప్పుడు లేవు, లేఅవుటు రాళ్ళు పాతారు. రత్నమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నన్ను గుర్తుపట్టి, "రామ్మా, కూర్చో" అని పక్కకు జరిగింది. చాలాసేపు ఆమె మాట్లాడింది. జ్వరం, ఆస్పత్రి, చివరి రోజులు. "మాత్ర వేసుకొనేది మరిచిపోతా ఉండె. నేను ఊరుకుంటినా? 'రింగు మరిచినోడికి మాత్ర యాడ గుర్తుంటుంది' అంటిని. నవ్వినాడు. నేను ఏమన్నా సరే నవ్వుతా ఉండె" అని కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు చెప్పాను. పసుపు గణపతి దగ్గర నుంచి తొట్టి దగ్గర దాకా అంతా చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు పక్కకు నెట్టింది. 

"ఆయన మరవలేదా?" అంది.

"మరవలేదమ్మా. నన్ను అడిగినాడు. నేనే లేదన్నాను."

"ఉప్పు తేవడం మరిస్తే ఆ మాటే. గొడుగు మరిస్తే ఆ మాటే. ముప్పై ఏండ్లమ్మా. ఊరంతా ఒకసారి అంటే, నేను దినానికి నాలుగుసార్లు అంటిని. పూజ చెదరగొట్టినావు, అందుకే షెడ్డు పోయింది అని కూడా అంటిని." ఆమె గొంతు పెరగలేదు. "ఒక్క నెల ముందర వచ్చి చెప్పుంటే ఏం పోయె నీది? ఇప్పుడు నేను యాడికి పోయి ఎవరితో చెప్పేది, తప్పయింది అని?"

 ఆమె కాళ్ళు పట్టుకోబోతే పక్కకు లాక్కుంది. "నాకు చెప్తే ఏం లాభం? నేను ఒకతెను. పేరు పెట్టింది ఊరు. నువ్వు పుస్తకాలు రాస్తావంట కదా, ఊరికి చెప్పు" అంది. తర్వాత మళ్ళీ చిక్కుడుకాయలు వలవడం మొదలుపెట్టింది. నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు.

అక్కకు నిన్న ఫోనులో చెప్పాను. మొత్తం వింది. "అంటే నేను కారెక్కేటప్పుడే నీకు తెలుసు" అంది. అవునన్నాను. ఫోను పెట్టేసింది, మళ్ళీ చేయలేదు. మునియప్ప చెప్పినట్టే అయింది.

ఊరివాళ్ళు ఇది చదువుతారో లేదో తెలియదు. చదివినవాళ్ళు చదవనివాళ్ళకు చెప్పండి. మునియప్ప ఆ రింగు మరవలేదు. గోనెసంచి దులిపి, కారు అడుగున పాకి, బేసినులో చెయ్యి పెట్టి వెతికాడు. తీశావా అని నన్ను అడిగాడు. నేను లేదన్నాను.